బెంగళూరులో తెలుగు ఆర్ట్ రాక్ పాడాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పద్నాలుగేళ్లుగా బెంగళూరులో తెలుగులో ఆర్ట్ రాక్ పాడుతున్నాను. ఏ సినిమా సంస్థా ఏ పెద్ద కంపెనీ వెనక లేవు. కచేరీ అయ్యి వేదిక దిగేసరికి ఇద్దరు ముగ్గురు ఎదురు చూస్తూ ఉంటారు. మారతహళ్లి హాస్టల్లో ఉంటూ మొదటి జీతంతో గిటార్ కొనుక్కున్నవారు, అనంతపురం నుంచో తిరుపతి నుంచో బస్సెక్కి వచ్చినవారు. మనుషులు మారుతుంటారు, సందేహాలు మాత్రం అవే. నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పే జవాబు వాళ్లకు సరిపోదని నాకు తెలుసు. అందుకే ఇక్కడ తీరికగా రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఆర్ట్ రాక్ అంటే ఏమిటి? మామూలు రాక్‌కూ దీనికీ తేడా ఎక్కడ?

1960ల చివర్లో బ్రిటన్‌లో, అమెరికాలో కొందరు రాక్ కళాకారులు మూడు నిమిషాల నృత్యగీతం చట్రం నుంచి బయటికి వచ్చారు. నాటకం, కవిత్వం, చిత్రకళ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ఎలక్ట్రానిక్ ధ్వనులు, ఏది పనికొస్తే అది పాటలోకి తెచ్చారు. పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్, రాక్సీ మ్యూజిక్, డేవిడ్ బోవీ, కేట్ బుష్ ఒకరిలా ఒకరు ఉండరు, కానీ అందరూ ఈ కుటుంబంలోనివారే. పల్లవి మళ్లీ రావాలన్న నియమం ఇక్కడ లేదు. ఒక ఆల్బం మొత్తం ఒకే కథగా సాగవచ్చు. గాయకుడు ఒకే పాటలో ముగ్గురు మనుషుల గొంతులు పలికించవచ్చు. మన హరికథా భాగవతార్ చేసేది అదే కదా, అందుకే ఈ తరహా మనకు కొత్తదని నాకు ఎన్నడూ అనిపించలేదు.

తెలుగులో పాడితే బెంగళూరులో ఎవరు వింటారు? ఇంగ్లీషులో పాడితే మంచిదేమో?

ఈ ఊరు ఎన్నో భాషలు విని పెరిగింది. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ బృందం 1996 నుంచి ఇంగ్లీషులో పాడుతోంది. పర్వాజ్ ఇక్కడే పుట్టి ఉర్దూలో, కాశ్మీరీలో పాడి దేశమంతటా శ్రోతలను సంపాదించుకుంది. స్వరాత్మ కన్నడంలో, హిందీలో పాడుతుంది. ఆగమ్ కర్ణాటక కృతులను ప్రోగ్రెసివ్ రాక్‌తో కలిపింది. కాశ్మీరీ అర్థం కాని వందల మంది కళ్లు మూసుకుని వినడం నేను చూశాను. భాష తెలియకపోయినా, పాడే మనిషి ఆ భాషలోనే ఆలోచిస్తున్నాడో లేదో శ్రోతకు తెలిసిపోతుంది.

నేను మొదటి రెండేళ్లు ఇంగ్లీషులో పాడాను. ఉచ్చారణ బాగానే ఉండేది. అయితే నాకు కోపం వచ్చేది తెలుగులో, ఏడుపు వచ్చేదీ తెలుగులోనే. పాటలోకి వచ్చేసరికి అవి అనువాదమై వచ్చేవి. తెలుగులోకి మారిన రోజున సభలో తెలుగువారు పదిమంది కూడా ఉండి ఉండరు. ఆ రాత్రి మొదటిసారి పాట అయ్యాక చప్పట్లకు ముందు కొద్దిసేపు నిశ్శబ్దం నిలిచింది. తరవాత వెనక్కి చూడలేదు.

పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. స్వరాన్ని ఊపి పలికే గమకాలు రాక్‌కు అడ్డమా?

అడ్డం కాదు. ఎక్కడ వేయాలో తెలుసుకుంటే చాలు. మన సంగీతం ఒక్క శ్రుతి మీద నిలబడి సాగుతుంది. రాక్‌లో కీబోర్డు, గిటార్ మూడు నాలుగు స్వరాలు కలిపి మోగిస్తూ ఉంటాయి. తోడి రాగంలో గాంధార స్వరాన్ని మనం ఎంత ఊపుతామో మీకు తెలుసు. కింద అదే గాంధారాన్ని కీబోర్డు కదలకుండా పట్టుకుని ఉంటే రెండూ కొట్టుకుంటాయి, శ్రోతకు అపశ్రుతిగా వినిపిస్తుంది. వాద్యాలు పలు స్వరాలు కలిపి పట్టిన చోట స్వరాన్ని నిటారుగా పాడండి. ఒక్క శ్రుతి మాత్రమే మోగే భాగాన్ని పాటలో కావాలని కట్టి, అక్కడ గమకాన్ని పూర్తిగా విప్పండి. అంతసేపు నిటారుగా నిలబడిన గొంతు ఒక్కసారి కదిలినప్పుడు కలిగే అనుభూతి ఇంకెలాగూ రాదు.

ఉద్యోగం మానేస్తేనే పాట మీద మనసు పెట్టగలనేమో?

మొదటి ఐదేళ్లు మానవద్దని గట్టిగా చెబుతాను. ఈ తరహా పాట నెమ్మదిగా తయారవుతుంది, శ్రోతలు ఇంకా నెమ్మదిగా పెరుగుతారు. అద్దె కట్టాల్సిన తేదీ దగ్గర పడితే పాట కురచ అవుతుంది, పక్కవారి పాటలా మారుతుంది. ఉద్యోగం మీకు ఇచ్చేది జీతం ఒక్కటే కాదు, పాటను తొందరపెట్టకుండా ఉండే స్వేచ్ఛ కూడా. నేను ఇప్పటికీ వారానికి మూడు రోజులు ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తున్నాను. దాన్ని త్యాగంగా ఎప్పుడూ భావించలేదు.

## పాట కట్టేటప్పుడు

తెలుగు మాటలు రాక్ తాళంలో ఒదగడం లేదు. లోపం నాదా, భాషదా?

ఎవరిదీ కాదు. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని ఒత్తి పలికితే మాట వినిపిస్తుంది. తెలుగు నడక లఘువు, గురువు మీద ఆధారపడింది. ఇంగ్లీషు పాట విని కట్టిన బాణీలో తెలుగు మాటలు కూర్చితే, బాణీ సాగదీసిన చోట లఘువు ఉంటే అర్థమే మారిపోతుంది. ‘కల’ను సాగదీస్తే ‘కాల’ అవుతుంది, ‘పడు’ ‘పాడు’ అవుతుంది. శ్రోత ఆగి ఆలోచించేలోపు పాట వెళ్లిపోతుంది.

అందుకని ముందు మాటలు రాసుకుని, వాటిని పైకి చదివి, ఆ నడకలోంచి తాళం తీయండి. మనకు మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది మాత్రల గతులు ఎన్నో వందల ఏళ్లుగా ఉన్నాయి. 1973లో పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాటను ఏడు దెబ్బల లెక్కలో కట్టిందని రాక్ అభిమానులు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. గురజాడ 1910లో తెచ్చిన ముత్యాలసరం నడక మూడూ నాలుగూ కలిసిన ఏడే. మత్తకోకిల పద్యం కూడా ఏడు మాత్రల మిశ్రగతిలోనే పరుగెత్తుతుంది. డ్రమ్ముల మీద ఉన్న మిత్రుడికి మత్తకోకిల చదివి వినిపించండి. నేను అలా చేసిన రోజు, మా బృందంలో తెలుగు అక్షరం ముక్క రాని మిత్రుడు రెండో పాదానికే కర్రలు అందుకున్నాడు.

ఇంకొక సంగతి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. దీర్ఘంగా నిలపాల్సిన స్వరాన్ని పాదం చివరి అచ్చు మీద గానీ, సహజంగా దీర్ఘమున్న అక్షరం మీద గానీ పెట్టండి. అక్కడ గొంతు బాగా తెరుచుకుంటుంది, అర్థమూ చెడదు.

శ్రీశ్రీ కవితకో అన్నమయ్య కీర్తనకో కొత్త బాణీ కట్టి విడుదల చేయవచ్చా?

మన దేశంలో సాహిత్యం, సంగీతం మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ పైన అరవై ఏళ్లు ఉంటుంది. ఆ అరవై ఏళ్లను ఆయన మరణించిన తరవాతి సంవత్సరం మొదటి నుంచి లెక్కిస్తారు. శ్రీశ్రీ 1983లో మరణించారు. అంటే 2043 చివరి వరకు హక్కుదారుల అనుమతి కావాలి. 1980లో మరణించిన కృష్ణశాస్త్రి రచనలకు 2040 చివరి వరకు. 1915లో మరణించిన గురజాడ రచనలకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

అన్నమయ్య దగ్గర చాలామంది పొరపడతారు. సాహిత్యం అందరిదీ. కానీ మనం చిన్నప్పటి నుంచి విన్న బాణీల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు కూర్చారు. రాళ్లపల్లి వారు 1979లో, నేదునూరి వారు 2014లో కన్నుమూశారు. ఆ బాణీలకు రక్షణ ఉంది. మాట తీసుకోండి, బాణీ మీరే కట్టండి. మాటకు మీరు చెవి ఒగ్గాలంటే అదే సరైన పద్ధతి కూడా.

నలుగురం కలిసి కట్టిన పాట ఎవరిది?

పాట పూర్తయిన రాత్రే ఒక కాగితం మీద రాసుకోండి. మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, ఎవరికి ఎంత శాతం అని రాసి, తేదీ వేసి, నలుగురూ సంతకం చేయండి. ఆ రాత్రి అందరూ సంతోషంగా ఉంటారు కాబట్టి పావుగంటలో అయిపోతుంది. మూడేళ్ల తరవాత ఆ పాట ఏదో ప్రకటనకు అడిగినప్పుడు మొదలుపెడితే స్నేహమే పోవచ్చు. డ్రమ్ములు వాయించిన మనిషి బాణీ కట్టకపోయినా ఆ రికార్డింగులో కళాకారుడే. అతని వాటా మరచిపోకండి.

## రికార్డింగు, విడుదల

ఇంట్లో రికార్డు చేస్తే సరిపోతుందా?

గొంతుకు సరిపోతుంది, డ్రమ్ములకు సరిపోదు. ఒక మంచి మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, బట్టలతో నిండిన అలమారా ఎదురుగా నిలబడే చోటు ఉంటే చాలు. ఇరవైనాలుగు బిట్లలో రికార్డు చేయండి, రికార్డయ్యే శబ్దాన్ని కాస్త తక్కువగానే ఉంచండి. మా వీధిలో రాత్రి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకానే నిశ్శబ్దం ఉంటుంది, నా రెండో ఆల్బం గొంతంతా ఆ వేళల్లో పాడినదే. డ్రమ్ములకు ఒకటి రెండు రోజులు స్టూడియో తీసుకోండి. గొంతునూ వాద్యాలనూ సమంగా కలిపే తుది మిక్సింగ్ మాత్రం ఆ పాటను రోజూ వినని చెవికి అప్పగించండి. మీ చెవి మీ గొంతుకు అలవాటు పడిపోయి ఉంటుంది.

నా పాట తొమ్మిది నిమిషాలు. కుదించమంటున్నారు. కుదించనా?

వాళ్లు ఎందుకు అంటున్నారో తెలుసుకోండి. స్పాటిఫైలో ముప్ఫై సెకన్లు వింటే ఒక వినికిడిగా లెక్క. రెండు నిమిషాల పాటకైనా తొమ్మిది నిమిషాల పాటకైనా లెక్క ఒకటే. డబ్బు కోణంలో పొడవైన పాట నష్టమే. అయితే ఆ నష్టం ఎంత అన్నది కూడా చూడండి, మనలాంటివారికి వినికిడి నుంచి వచ్చే మొత్తమే చిన్నది. దాని కోసం పాట ఎముకలు విరవకండి. పాట మధ్యలో మీకే విసుగు పుట్టిన చోటు ఉంటే మాత్రం తీసేయండి, అది వేరే సంగతి.

స్పాటిఫై వంటి చోట్ల పాట ఎలా పెట్టాలి?

నేరుగా పెట్టలేరు, పంపిణీ సంస్థ ద్వారా పంపాలి. వారు ప్రతి రికార్డింగుకు ఐఎస్‌ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల గుర్తింపు ఇస్తారు. దాన్ని భద్రంగా రాసిపెట్టుకోండి. సంస్థ మారినా అదే కోడ్ వాడితే పాత లెక్కలు పాటతోనే వస్తాయి. ప్లేలిస్టు సంపాదకుల పరిశీలనకు విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, నెల ముందే పంపితే హాయి. 2024 నుంచి స్పాటిఫైలో గడచిన పన్నెండు నెలల్లో వెయ్యి వినికిళ్లు లేని పాటకు డబ్బు రాదు. పాట పేరు, రచయితల పేర్లు తెలుగులో ఎలా రాస్తారో, ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారో ముందే తేల్చుకుని ప్రతిచోటా అలాగే రాయండి. నా పేరు మూడు రకాలుగా పడి మూడు వేర్వేరు గాయనుల పేజీలుగా తేలింది. వాటిని కలపడానికి ఏడాది పట్టింది.

కాపీరైట్ నమోదు చేయకపోతే హక్కు పోతుందా?

పోదు. పాట ఏదో ఒక రూపంలోకి ఎక్కిన క్షణం నుంచే, కాగితం మీదైనా ఫోనులోనైనా, హక్కు మీదే. ప్రభుత్వం దగ్గర నమోదు చేస్తే తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యానికి, సంగీతానికి ఒక్కోదానికి 500 రూపాయలు, రికార్డింగుకు 2,000 రూపాయలు రుసుము. దరఖాస్తు తరవాత అభ్యంతరాల కోసం ముప్ఫై రోజులు ఆగుతారు.

## వేదిక మీద

మొదటి కచేరీ ఎక్కడ చేయాలి?

కూర్చుని వినే చోట. ఇందిరానగర్‌లో హమ్మింగ్ ట్రీ అనే కచేరీ వేదిక 2013 నుంచి 2019 వరకు సొంత పాటలకు నీడనిచ్చింది. అది మూతపడ్డాక నాలాంటివారికి ఇల్లు పోయినట్టయింది. 2018లో, ప్రదర్శనలకు లైసెన్సు తప్పనిసరి చేసే 2005 నాటి పోలీసు ఉత్తర్వును సుప్రీంకోర్టు సమర్థించాక చాలా పబ్బుల్లో పాట ఆగిపోయిన రోజులూ చూశాం. కోరమంగళలో ఫ్యాండమ్, వసంతనగర్‌లో అలయాన్స్ ఫ్రాన్సేజ్ సభామందిరం, జేపీ నగర్‌లో 2019లో తెరిచిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అనే సంగీత మ్యూజియం వంటివి చూసి రండి. ముందు రెండు మూడుసార్లు శ్రోతగా వెళ్లండి. ధ్వని చూసుకునే మనిషిని పరిచయం చేసుకోండి.

వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి సభలను మన కుర్రవాళ్లు పట్టించుకోరు. అది పొరపాటు. మాట విడమరచి వినే శ్రోతలు అక్కడ ఉంటారు. డ్రమ్ముల శబ్దం తగ్గించి, ఒక గిటార్, ఒక గొంతుతో నలభై నిమిషాలు పాడి చూడండి. కచేరీ అయ్యాక పెద్దాయన ఎవరో వచ్చి యతి ఎక్కడ తప్పిందో చెబుతారు. అంత శ్రద్ధగా విన్న మనిషి మరెక్కడా దొరకరు.

పబ్బువాళ్లు తెలిసిన పాటలే పాడమంటున్నారు. ఒప్పుకోవాలా?

మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. పన్నెండు పాటల్లో మూడు తెలిసినవి, తొమ్మిది మావి అని రాతలో పంపండి. డబ్బులో సగం ముందే తీసుకోండి. ఒకసారి రెండు గంటలు పాడించుకుని, ‘జనం తక్కువగా వచ్చారు’ అని మాట్లాడుకున్న మొత్తంలో మూడోవంతు చేతిలో పెట్టారు. రాతలో ఏమీ లేదు కాబట్టి అడగలేకపోయాను. ఆ రోజు డ్రమ్ములు మోసుకొచ్చిన టెంపో బాడుగ నేను ఇంటి నుంచి కట్టాను. ఇక ఇతరుల పాటలు బహిరంగంగా పాడటానికి కావలసిన లైసెన్సు ఆ వేదికవారు తీసుకోవాలి, అది కూడా అడిగి తెలుసుకోండి.

రాత్రి పదికి ఎందుకు ఆపేస్తారు?

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మీ పొడవైన పాటను చివరికి దాచుకోకండి. మధ్యలో పాడేయండి.

కచేరీ తరవాత గొంతు బొంగురుపోతోంది. మామూలేనా?

ఒక రోజు ఉంటే అలసట. మూడు వారాలు దాటితే చెవి-ముక్కు-గొంతు వైద్యుల దగ్గరికి వెళ్లి స్వరతంత్రులు చూపించుకోండి. మిరియాల పాలు తాగుతూ కూర్చోకండి. నేను అలాగే ఐదు నెలలు కూర్చున్నాను, స్వరతంత్రుల మీద కాయలు తేలాక ఎనిమిది నెలలు పాటకు దూరమయ్యాను. చాలాసార్లు అసలు కారణం గొంతు కాదు, తన గొంతు తనకు వినిపించక అరవడం. మీ గొంతు మీకే వినిపించే మానిటర్ స్పీకరు సరిగ్గా పెట్టమని సౌండ్ చెక్‌లో పట్టుబట్టండి. చెవులనూ కాపాడుకోండి. వంద డెసిబెల్స్ దగ్గర సురక్షితంగా ఉండగలిగేది రోజుకు పదిహేను నిమిషాలే. సాధన గదిలోనూ చెవి బిరడాలు వాడండి.

## డబ్బు, ఒప్పందాలు

ఒక కంపెనీ ఒప్పందం పంపింది. సంతకం పెట్టనా?

ఆ రాత్రి పెట్టకండి. మొదట చూడాల్సినవి మూడు: హక్కును శాశ్వతంగా రాయించుకుంటున్నారా, కొంతకాలానికి అడుగుతున్నారా, ఏయే దేశాలకు, వాళ్లు ఏమీ చేయకపోతే పాట వెనక్కి వస్తుందా.

ఇరవై నాలుగేళ్ల వయసులో నేను మూడు పాటలు ఒక సంస్థకు రాసిచ్చాను. వాళ్లు విడుదల చేయలేదు, నన్నూ చేయనివ్వలేదు. నాలుగేళ్లు గడిచాయి. అప్పుడు ఒక న్యాయవాది మిత్రురాలు కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ తెరిచి చూపించింది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరేలా రాసి ఉంటే తప్ప, ఆ బదిలీ చెల్లకుండా పోతుంది. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. నా కాగితంలో వేరేలా ఏమీ రాసి లేదు. మూడేళ్లుగా నావే అయిన పాటలను చేజారాయనుకుని నేను పాడటమే మానుకున్నాను. ఆ మూడేళ్లు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెబుతున్నాను, 1957 నాటి ఆ చట్టాన్ని ఒక మధ్యాహ్నం కూర్చుని చదవండి.

2012 సవరణ ఇంకొక రక్ష ఇచ్చింది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ హక్కును చట్టబద్ధ వారసులకో, రాయల్టీలు వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోలేరు. ఒప్పందంలో వదులుకున్నట్టు రాసి ఉన్నా అది చెల్లదు.

ఐపీఆర్‌ఎస్‌లో చేరాలా?

మాటలు రాసినా, బాణీ కట్టినా చేరండి. 1969లో ఏర్పడిన ఈ సంఘం రేడియో, టీవీ, హోటళ్లు, ఇంటర్నెట్ వేదికల నుంచి రచయితల, స్వరకర్తల వాటా వసూలు చేసి పంచుతుంది. పంపిణీ సంస్థ నుంచి వచ్చేది రికార్డింగు డబ్బు. ఇది రచన డబ్బు. రెండూ వేరు, ఒకటి వస్తోంది కదా అని రెండోది వదిలేసినవారు మనలో చాలామంది. గాయకుల హక్కుల కోసం 2013 నుంచి ఇస్రా (ఇప్పుడు ఇసామ్రా) అనే వేరే సంఘం ఉంది.

జీఎస్టీ మాకు కూడా వర్తిస్తుందా?

సేవల ఆదాయం ఏడాదికి ఇరవై లక్షలు దాటితే నమోదు చేసుకోవాలి. జానపద, శాస్త్రీయ కళాకారులకు ఒక ప్రదర్శనకు లక్షన్నర వరకు మినహాయింపు ఉంది, రాక్‌కు లేదు. నిర్వాహకులు పన్ను కోసుకుని డబ్బిస్తే, అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో చూసుకుని రిటర్ను వేయండి. ఆదాయం తక్కువైతే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

## సాగే దారిలో

నాకు పాట ఇష్టం, వేదిక అంటే భయం. ఈ దారిలో ఉండగలనా?

ఉండగలరు. కేట్ బుష్ 1978లో, పంతొమ్మిదేళ్ల వయసులో, తానే రాసిన పాటతో బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది. 1979లో ఒక్క పర్యటన చేసింది. తరవాత పూర్తిస్థాయి కచేరీలకు 2014 దాకా రాలేదు. ఆ ఏడు లండన్‌లో ఇరవై రెండు రాత్రులు పాడింది. మధ్యలో సొంత స్టూడియో కట్టుకుని పాటలు చేసుకుంటూనే ఉంది. ఆమెకు ముందే వచ్చిన పేరు మనకు లేదు నిజమే. కానీ గదిలో కూర్చుని పాట చెక్కే మనిషికి ఈ కళలో చోటుందని ఆమె చూపించింది.

శ్రోతలనే డబ్బు అడగడం చిన్నతనం కాదా?

కాదు. మారిలియన్ అనే రాక్ బృందం 2001లో వచ్చిన తన ఆల్బం ఇంకా తయారుకాకముందే డబ్బు పంపమని శ్రోతలను అడిగితే పన్నెండు వేల మందికి పైగా పంపారు. 2007 అక్టోబరులో రేడియోహెడ్ బృందం తన ఆల్బంను మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అంది. మన ఊళ్లలో నాటక సమాజాలు, భజన బృందాలు ఇంటింటి చందాలతోనే బతికాయి. నా మూడో ఆల్బంకు 212 మంది ముందే డబ్బు ఇచ్చారు. ప్రతివారికీ చేత్తో రాసిన పాట ప్రతి పంపాను. ఆలస్యమైన ప్రతి నెలా ఎందుకు ఆలస్యమైందో ఉత్తరం రాశాను. ఒక్కరూ డబ్బు వెనక్కి అడగలేదు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పాట అర్థం కావడం లేదు. ఎలా చెప్పాలి?

చెప్పకండి, వినిపించండి. అది కూడా ఫోనులో కాదు, ఎదురుగా, మాటలు కాగితం మీద రాసిచ్చి. మా నాన్నగారు నా పాటను తొమ్మిదేళ్లు ‘ఆ గోల’ అనేవారు. తొమ్మిదో ఏట మడకశిర నుంచి కచేరీకి వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. పదమూడు నిమిషాల పాటలో ఒక్కసారి కూడా లేవలేదు. ఇంటికి వెళ్తూ ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. యశవంతపుర దాటాక, ‘అమ్మా, మూడో చరణంలో నీడ అన్న మాట గిటార్ కింద పడిపోయింది. అక్కడ వాళ్లను కాస్త ఆగమను’ అన్నారు. మరునాడు సాధనలో ఆ రెండు ఆవర్తాలు గిటార్ తీసేశాం. ఇప్పటికీ అలాగే పాడుతున్నాం.